కొలత మొదలైన చోటు

రోజు 4031

ఈ కొలతల గదికి నేను వచ్చిన రోజు నుంచి వేసుకుంటున్న లెక్క ఇది.

ఎండ యాభై ఒకటి. దుమ్ము తక్కువ. పొద్దున కొర్ర గంజి తాగాను. పైకెక్కి కరెంటు పలకలు తుడిచాను. మనుషులతో మాట్లాడలేదు. కూర్పరితో పదహారుసార్లు అవును అన్నాను.

కూర్పరి అంటే గోడకున్న పెట్టె. గుట్ట మీది ఊళ్ళ పాత బావి పుస్తకాలన్నీ చదివి, మండలివాళ్ళ ఉమ్మడి పట్టికలోకి ఎక్కించడం దాని పని. పాతవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు గడులు గీసుకున్నారు. ఒకరు నీటి లోతు అని రాసుకున్నారు, ఒకరు మట్టం అని రాసుకున్నారు, ఒకరు పేరే పెట్టకుండా అంకె వేసి వదిలేశారు. ఏ పుస్తకంలోని గడి పట్టికలో ఏ గడిలోకి పోవాలో దానికి తేలకపోతే నన్ను అడుగుతుంది.

ఈరోజు గాజులపెంట బావి వంతు.

"కుళ్ళాయమ్మ పుస్తకంలో 'నీటి లోతు' అనే గడి ఉంది. పట్టికలో 'నేల నుంచి లోతు' గడికి కలపమంటారా? పోలిక నూటికి తొంభై ఆరు."

"అవును."

"ఓబులేసు పుస్తకంలో 'నీటి లోతు' కూడా అందులోకేనా?"

ఓబులేసు నేనే. కుళ్ళాయమ్మ నాకు ముందు ఇక్కడ కొలిచినామె. అవును అన్నాను.

"'కొలత మొదలైన చోటు' అనే గడికి రెండు పుస్తకాల్లోనూ ఏమీ లేదు. ఖాళీగా ఉంటే 'నేల' అని నింపమని మండలి నియమం. నింపనా?"

"అవును."

అన్నం వండుకున్నాను. పెరుగు పలచగా తోడుకుంది.

రోజు 4034

పట్టిక గాజులపెంట సంగతి తేల్చింది. నీళ్ళు అరవై ఒక్క అడుగుల కిందకి పోయాయట. నేల నుంచి అరవై దాటితే ఊరు ఎత్తెయ్యాలని కొత్త నియమం. పట్టిక రాకముందు ఏ ఊరు ఎప్పుడు లేచిపోవాలో ఆ ఊరే చూసుకునేది. ఇప్పుడు పట్టిక చూస్తుంది.

అరవై రెండు ఇళ్ళు. నలభై రోజుల గడువు. అందర్నీ సముద్రపు మేడలకు పంపిస్తారు. ఏ మేడలో ఏ గది ఖాళీగా ఉంటే ఆ గదికి ఒక ఇల్లు. ఊరంతా ఒకచోట ఉండటం కుదరదు.

కూర్పరి గీత గీసి చూపించింది. కుళ్ళాయమ్మ ఉన్నన్నాళ్ళూ గీత మెల్లగా దిగింది. నేను ఉన్నన్నాళ్ళూ మెల్లగానే దిగింది. రెంటికీ మధ్యలో మాత్రం మెట్టు విరిగినట్టుంది. నలభై తొమ్మిది నుంచి యాభై మూడుకి, ఒక్క నెలలో.

"ఆ నెలలో ఈ బావికి ఏమైనా జరిగిందా?" అని అడిగింది.

తెలియదన్నాను.

తెలుసు. ఆ నెలలో కుళ్ళాయమ్మ పని వదిలి వెళ్ళింది, నేను వచ్చాను.

రోజు 4035

పొద్దున్నే టేపు తీసి చూసుకున్నాను. చివర ఇత్తడి గుండు. బావిలోకి వదిలితే గుండు నీళ్ళను తాకి టప్ మంటుంది. ఆ చప్పుడు వినగానే పైన పిట్టగోడ అంచు దగ్గర టేపు మీద ఎంతుందో చూసి రాసుకుంటాను. ప్రతి బావికీ అంతే. పిట్టగోడ లేని బావికి నేల దగ్గర చూస్తాను. ఉన్నదానికి గోడ మీద చూస్తాను. చెయ్యి ఆనుకునేది అక్కడే కదా.

నా పద్నాలుగు బావుల్లో గోడలున్నవి ఆరు. గాజులపెంటది అన్నిటికంటే ఎత్తు. నేను రాకముందే దుమ్ముగాలి ఏట రెండు వరసలు పెంచారు. నాలుగు అడుగులు.

కుళ్ళాయమ్మ ఎక్కడి నుంచి కొలిచేదో నాకు తెలియదు.

ఆమెతో నేను ఉన్నది ఒక పూట. తాళంచెవులు ఇచ్చింది. పుస్తకాలు చూపించింది. ముప్పై ఏళ్ళు తిరిగిన మనిషి, మోకాళ్ళు పట్టేసి గోడ పట్టుకుని నడుస్తోంది. బండి ఎక్కబోతూ, "ఏమన్నా అడగల్లనా అబ్బీ?" అంది.

"లేదమ్మా," అన్నాను.

తలుపు మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లే నిలబడింది. నేను నేల చూశాను. మళ్ళీ అడగలేదు. మరుసటి ఏడు చనిపోయిందని కబురు వచ్చింది.

నాకు అప్పటికే యాభై తొమ్మిది. అడగడానికి వయసు అడ్డం కాదు. నోరు రాదు, అంతే. బళ్ళో ఐదో తరగతిలో కూడా నీళ్ళు తాగొస్తానని అడగలేక సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి.

రోజు 4036

ఎండ కరెంటుతో నడిచే బండి వేసుకుని గాజులపెంట పోయాను. నాలుగు గంటల దారి. దారి పొడుగునా ఒక్క వాక్యం కట్టుకున్నాను: కుళ్ళాయమ్మ మీ బావిని ఎట్లా కొలిచేదమ్మా. ఇరవైసార్లన్నా అనుకుని ఉంటాను.

మామూలుగా ఆడవాళ్ళు కడవలు ఎత్తుకుని పోయేదాకా దూరంగా బండి నీడలో కూర్చుంటాను. అందరూ పోయాక పోయి, కొలిచి, వచ్చేస్తాను. ఈరోజు పోయాను. నలుగురున్నారు. నన్ను చూసి మాటలు ఆపేశారు.

బావి కాపరి సుంకులమ్మ ఉంది. గిలకకు నూనె పెట్టేది, రోజుకు ఇంటికి ఎన్ని కడవలో చూసేది ఆమే. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న.

"ఏమన్నా, ఇంక కొల్చేదానికేముంది? తేల్చేసినారు గదా," అంది.

నా వాక్యం పోయింది. గుండు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"ఒంటికి బాగలేదా? కూర్చో," అంది. కూర్చున్నాను. చెంబుతో నీళ్ళిచ్చింది. నాకు ఇక్కడ నీళ్ళు తాగే అలవాటు లేదు, సీసా తెచ్చుకుంటాను. తాగాను. కొంచెం ఉప్పగా, చల్లగా ఉన్నాయి.

"కుళ్ళాయమ్మ," అన్నాను. ఆగిపోయాను.

"ఆ, కుళ్ళాయమ్మ."

"ఎట్ల కొల్చేది?"

నలుగురూ ఒకరి మొకం ఒకరు చూసుకున్నారు. సుంకులమ్మ లేచి గోడ దగ్గర నిలబడి, లేని టేపు వదిలినట్టు చేతులు ఆడించింది. తర్వాత గోడ మీద జానలు వేసుకుంటూ కిందికి వంగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. నేల తాకింది. కుళ్ళాయమ్మ గొంతు పెట్టి, "గోడ పోను నలభై తొమ్మిది. రాసుకో నా మొగుడా," అంది.

మిగతావాళ్ళు నవ్వారు. కుళ్ళాయమ్మ పుస్తకాన్ని మొగుడా అని పిలిచేదట. పెళ్ళి చేసుకోలేదు కదా, అందుకని.

"ప్రతిసారీ గోడ తీసేసేదా?"

"ప్రతిసారీ. మా పిల్లోళ్ళు ఎదురు అరిచేటోళ్ళు, గోడ పోను, గోడ పోను అని. నువ్వు తీసెయ్యవా?"

తల అడ్డంగా ఊపాను.

గిలక చప్పుడు ఆగింది. నవ్వులూ ఆగాయి.

"పదకొండేండ్లు నీ ఎదురుగానే ఉంటిమి గదన్నా," అంది సుంకులమ్మ. కోపంగా అనలేదు. "ఒక్క మాట అడిగింటే."

"మీరు కూడా..." అన్నాను.

"నువ్వు మొకమెత్తి చూస్తివా, మేము చెప్పేదానికి? సర్కారు మనిషి, మాతో మాట్లాడితే ఆయనకు తక్కువేమో అనుకుంటిమి. నీళ్ళు కూడా ముట్టకపోతివి."

అట్లా అనుకుంటారని నాకు తెలియదు.

నేల దగ్గర వేలు పెట్టి మళ్ళీ కొలిచాను. యాభై ఏడు. సుంకులమ్మ టేపు మీద అంకె తాను కూడా చూసింది. ఊరి పెద్ద మద్దిలేటిని పిలిపించింది. ఆయనా చూశాడు.

"అంటే మేము పోయే పన్లేదా, పెద్దాయనా?" అన్నాడు.

"మండలికి చెప్పల్ల," అన్నాను.

"చెప్తావా?"

ఆయన అడిగింది చెప్పడం గురించి కాదు. నేను నోరు తెరుస్తానా అని.

రోజు 4037

కూర్పరితో చెప్పాను. గాజులపెంట గడులు విడదియ్యమన్నాను. నా 'నీటి లోతు' నేల నుంచి కాదు, గోడ మీద నుంచి అన్నాను.

"మీరు ఆరు రోజుల కింద అవును అన్నారు."

"తప్పు చెప్పాను."

"ఒకసారి కలిపిన గడిని విడదియ్యడానికి నాకు అధికారం లేదు. మండలి అధికారికి పంపిస్తాను. మీ మాటకు ఆధారం ఏమిటి?"

"కొలిచింది నేనే."

"'కొలత మొదలైన చోటు' గడిలో మీరు పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఏమీ రాయలేదు."

నా పుస్తకంలో అసలు ఆ గడే లేదు. గడి ఉంటే రాసేవాణ్ణేమో. లేని గడిని గీసుకోవాలని నాకు తోచలేదు, కుళ్ళాయమ్మకూ తోచలేదు. ఎక్కడ నిలబడి కొలుస్తున్నామో ఎవరికి వాళ్ళకు తెలుసు కదా.

రోజు 4039

మండలి అధికారి రజియా మేడం రేడియోలో మాట్లాడారు. చిన్న వయసు, ఓపికైన మనిషి. నేను ఆగిన చోట ఆగి ఎదురుచూస్తారు.

"ఓబులేసు గారూ, మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. మెట్టు విరిగినట్టున్న ఆ గీతకు అదొక్కటే అర్థం. కానీ నేను నమ్మితే సరిపోదు. బహిరంగ విచారణలో మీరే చెప్పాలి. నలభై ఒక్క ఊళ్ళూ వింటాయి."

"రాసి పంపకూడదా?"

"రాత మీదే కదా అండీ తగువంతా. మనిషే చెప్పాలి." అన్నారు. "ఇంకో సంగతి. మీరు చెబితే, మీ పదకొండేళ్ళ కొలతలన్నిటి మీదా 'అనుమానం' అని పడుతుంది. గాజులపెంట ఒక్కటే కాదు, పద్నాలుగు బావులూ. అప్పుడు మీ చేతికి టేపు ఇవ్వనివ్వరు. నేను వద్దన్నా వినరు."

"ఊరు ఉంటుందా?"

"ఉంటుంది. యాభై ఏడు అరవై లోపే కదా."

"చెప్తాను," అన్నాను.

రేడియో ఆగాక టేపు తుడిచి చుట్టి పెట్టుకున్నాను. నెలకు పద్నాలుగు ఊళ్ళు. ఎవరితోనూ మాట్లాడలేదు గానీ, దూరం నుంచి ఆడవాళ్ళ మాటలు, కడవల చప్పుడు, పిల్లల్ని తిట్టడం, ఇవన్నీ వినేవాణ్ణి. ఎవరింట్లో కోడలు నీళ్ళోసుకుందో, ఎవరి మేక ఈనిందో అన్నీ నాకు తెలుసు. టేపు లేకపోతే బావి దగ్గరికి పోవడానికి నాకు పని ఏముంటుంది.

రోజు 4044

విచారణ ఈరోజు, మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో ఎవరూ బయటికి రారు కాబట్టి అన్ని ఊళ్ళూ రేడియో ముందుంటాయి.

ముందు కూర్పరి పట్టిక చదివింది. తర్వాత సుంకులమ్మ కుళ్ళాయమ్మ జానలు వేసే తీరు చెప్పింది. తర్వాత మేడం నా పేరు పిలిచారు.

కాగితం మీద రాసుకున్నాను. చదవబోతే అక్షరాలు ఆనలేదు. కాగితం పక్కన పెట్టేశాను.

"నేను ఓబులేసును," అన్నాను. "కుళ్ళాయమ్మ గోడ తీసేసి రాసేది. నేను గోడతో కలిపి రాసినాను. ఆమె ఎట్ల కొలిచేదని నేను అడగలేదు. పెట్టె అడిగినప్పుడు తెలియకుండానే అవునంటిని."

అంతే. నా జీవితంలో ఒకేసారి ఇన్ని మాటలు ఇంతమంది ముందు చెప్పింది ఇదే.

అప్పుడు ఎవరో, ఏ ఊరి నుంచో తెలియదు, ముసలి గొంతు, "సున్నపుగుట్ట బావికి గోడ ఉండాదా?" అని అడిగింది.

సున్నపుగుట్ట నా పద్నాలుగింటిలో ఒకటి. పట్టికలోకి అన్నిటికంటే ముందు ఎక్కింది అదే. పోయిన ఏడు అరవై ఒకటి దగ్గర తేలింది. నలభై నాలుగు ఇళ్ళు మేడలకు పోయాయి.

గాజులపెంట గోడ గుర్తొచ్చిన రోజే సున్నపుగుట్ట గోడ కూడా నాకు గుర్తొచ్చింది. ఇక్కడ రాయలేదు. రాస్తే ఉన్నట్టవుతుందని.

"ఉండాది," అన్నాను. "మూడు అడుగులు."

మేడం అది కూడా రాసుకుని విచారణ ముగించారు.

రోజు 4046

మండలి మాట వచ్చింది. గాజులపెంట ఉంటుంది. ఏడాది పాటు కొత్తవాళ్ళు వచ్చి కొలుస్తారు. నేను టేపు అప్పగించే లోపల నా పద్నాలుగు బావులూ తిరిగి 'కొలత మొదలైన చోటు' గడి నింపాలి. ఒక్కో బావికి ఆ ఊరి మనిషి ఒకరు సాక్షిగా కుళ్ళాయమ్మ ఎట్లా కొలిచేదో చెప్పాలి. నేను చెబితే చాలదు.

మద్దిలేటి రేడియోలో, "పెద్దాయనా, అన్నం తినిపో ఒకసారి," అన్నాడు. వస్తానన్నాను.

రోజు 4053

ఏడు రోజుల్లో పదమూడు ఊళ్ళు. ప్రతి ఊళ్ళోనూ మనిషిని పిలిచి అడగాల్సి వచ్చింది. మొదటి ఊళ్ళో అరగంట పట్టింది నోరు పెగలడానికి. ఐదో ఊళ్ళో బండి దిగుతూనే అడిగాను.

అన్ని ఊళ్ళలోనూ కుళ్ళాయమ్మ గురించి ఏదో ఒకటి చెప్పారు. ఒకచోట బావిలో పడ్డ మేకపిల్లను టేపుతో పైకి లాగిందట. ఒకచోట కొత్త కోడలికి అంకెలు నేర్పిందట. ఒకచోట ఒకాయన, "నీ గురించి అడిగింది ఒకసారి," అన్నాడు. నేను చేరిన ఏడు ఒంట్లో బాగలేకపోయినా చుట్టాల బండిలో వచ్చిందట. ఆ పిల్లోడు ఎట్లుండాడు, బాగ చేస్తాండాడా అందట. బాగ చేస్తాండాడు గానీ మాట్లాడడు అన్నారట. మాట్లాడతాడులే, నిదానంగా అందట.

రోజు 4054

సున్నపుగుట్ట.

దారి మీద కంప పెరిగింది. బండి ఆపి నడిచాను. తలుపులు లేవు, మేడలకు పోతూ ఎత్తుకుపోయినట్టున్నారు. బావి మీద కప్పిన రేకు దుమ్ముతో నిండిపోయింది. తుడిచి తీశాను. గిలక లేదు.

నేల మీద మోకాళ్ళూని టేపు వదిలాను. గుండు టప్ మంది.

యాభై ఆరు.

పోయిన ఏడు నేను రాసిన అరవై ఒకటిలో గోడ తీసేస్తే యాభై ఎనిమిది. అప్పుడే లోపల ఉన్నాయి. ఎవరూ తోడకపోయేసరికి ఇంకో రెండు అడుగులు పైకొచ్చాయి.

మళ్ళీ వదిలాను. యాభై ఆరు. మూడోసారి వదల్లేదు.

చేతి పెట్టెలో కూర్పరికి చెప్పాను.

"ఈ ఊరు పట్టికలో లేదు," అంది. "ఈ కొలతను ఏ గడిలో పెట్టమంటారు?"

"ఊళ్ళోవాళ్ళు ఎక్కడున్నారు?"

"మేడల జాబితాలో ఊరి గడి లేదు. పేరు, మేడ, అంతస్తు మాత్రమే ఉన్నాయి. మీ పాత పుస్తకంలోని ఇళ్ళ పేర్లతో పోల్చి చూడగలను. పోలిక కచ్చితంగా ఉండదు."

చూడమన్నాను. గోడ నీడలో కూర్చున్నాను. నలభై నాలుగు ఇళ్ళకు ముప్పై ఒక్క పేర్లు దొరికాయి. పంతొమ్మిది మేడల్లో ఉన్నారు.

సాక్షి కావాలి కాబట్టి మొదటి పేరుకు లైను కలపమన్నాను. మారెన్న. ఆరో మేడ, పదిహేడో అంతస్తు. సున్నపుగుట్టలో బావికి ఎదురిల్లు ఆయనది. నాకంటే పెద్దవాడు.

"ఎవురూ?" అన్నాడు.

"ఓబులేసును. కొలతల మనిషిని."

"నీకు గొంతుండాదా," అన్నాడు. "పదేండ్లు మా ఇంటి ముందర నిలబడితివి. ఇప్పుడు ఇనిపిస్తాంది."

"కుళ్ళాయమ్మ మీ బావిని ఎట్ల కొలిచేది, మారెన్నా?"

"గోడ పోను. ఊరందరికీ తెలుసు గదా. ఎందుకు?"

"నేను గోడతో కలిపి కొల్చినాను."

అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఎవరో పక్కగదిలో దగ్గుతున్నారు.

"బావిలో నీళ్ళుండాయా?"

"ఉండాయి. యాభై ఆరు. నేల నుంచి."

"పోయిన ఏడు?"

"యాభై ఎనిమిది."

పెట్టేస్తాడనుకున్నాను. పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. ఎండ గోడ దాటి నా కాళ్ళ మీదికి వచ్చింది. జరగలేదు.

"మా తమ్ముడు ఇరవై రెండో మేడలో ఉండాడు," అన్నాడు చివరికి. "వాన్ని చూసి ఏడాదాయె. వాడు బావి తవ్వినోళ్ళలో ఒకడు." ఊపిరి తీసుకున్నాడు. "వానికి నేను చెప్పేదా, నువ్వు చెప్తావా?"

"నేనే చెప్పల్ల," అన్నాను.